మొదటిరోజు చప్పుడు

ఫిట్టరు గాళెప్ప ఇనుపకడ్డీ ఒక కొనను మూడో నంబరు పంపుకు ఆనించి, రెండో కొనను చెవికి పెట్టుకొని చాలాసేపు వంగి నిలబడ్డాడు. మధ్యాహ్నం ఒంటిగంట. ఫ్యాక్టరీ రేకుల కింద గాలి ఆడడం లేదు. అది బాయిలర్‌కు మరిగే నీళ్లను తోసే పంపు. తిరిగే ఇరుసు పక్కనుంచి ఆ నీళ్లు బయటికి చిమ్మకుండా ఆపేది సీలు. నున్నటి రెండు ఉంగరాలు, వాటి నడుమ వెంట్రుకకంటే పల్చటి నీటిపొర, అంతే. ఆ పొర ఆరితే ఉంగరాలు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. కడ్డీలోంచి ఆ కొరుకుడే వినిపిస్తోంది.

గోడకు బిగించిన యంత్రంలో మాత్రం పచ్చదీపం వెలుగుతోంది. సీలు చప్పుడు చెడితే దానిలో ఎర్రదీపం వెలగాలి.

"ఇంగా ఏం ఇంటాండావప్పా?" ఇంజనీరు వివేక్ రిజిస్టరు చాచాడు. "రెండు లక్షల మిషను అది. నీ చెవికన్నా బాగా ఇంటాది. సీలు బాగుండాదని సంతకం పెట్టు. రేపు ఇనుము కొనేవాళ్లు వస్తాండారు. పంపు కింద గుంత ఊడ్సాల."

గుంత మెట్ల దగ్గర ఉచ్చెంగమ్మ చీపురుతో కాచుకొని ఉంది. ఆమె గాళెప్ప తమ్ముడు హొన్నూరప్ప భార్య. పోయినేడు రెండో నంబరు పంపు సీలు పగిలినప్పుడు హొన్నూరప్ప దాని పక్కనే ఉన్నాడు. ఆసుపత్రిలో పదకొండు రోజులు బతికాడు. ఆ తర్వాత కంపెనీ చప్పుడు వినే యంత్రం కొంది. ఉచ్చెంగమ్మకు రోజుకు తొంభై రూపాయల మీద ఊడ్చే పని ఇచ్చింది.

"మిషను తప్పేం లేదు సార్," అన్నాడు గాళెప్ప. "దానికి మనం నేర్పిందే తప్పు."

యంత్రం బిగించిన రోజు బెంగళూరు మనిషి ఒక మాట చెప్పాడు. మంచి సీలు చప్పుడు ఒక గంట వినిపిస్తే యంత్రం దాన్నే గుర్తుపెట్టుకుంటుందని, బాగా తేడా వస్తేనే ఎర్రదీపం వేస్తుందని. కొత్త సీలు వేయాలంటే ఒక పూట పని ఆపాలి. గనుల జోరులో ఇనుము ధర వారం వారం పెరుగుతోంది. యజమాని ఆపనివ్వలేదు. ఉన్న సీలు చప్పుడే వినిపించారు. అది అప్పటికే గరగరమంటోందని గాళెప్పకు తెలుసు. ఉచ్చెంగమ్మ పని కాగితం మీద మేనేజరు సంతకం పడాల్సింది కూడా ఆ రోజే. ఆ గరగరే ఆరోగ్యమని యంత్రం నేర్చుకుంది.

ఇదంతా గాళెప్ప నాలుగు మాటల్లో చెప్పాడు. వివేక్ చాచిన రిజిస్టరును వెనక్కి తీసుకున్నాడు.

"అప్పుడే ఎందుకు సెప్పలేదు?"

"నువ్వు అడగలేదు సార్. నేను సెప్పలేదు. ఇద్దరికీ సుఖంగా ఉండె."

"నా పని కోసరమా, బావా?" అంది ఉచ్చెంగమ్మ.

గాళెప్ప కడ్డీని గోడకు ఆనించాడు. ఆమె వైపు చూడలేదు.

వివేక్ దూరంగా పోయి యజమానితో ఫోనులో మాట్లాడాడు. తిరిగి వచ్చేటప్పుడు అడుగులు నెమ్మదిగా పడుతున్నాయి. "ఆపేది లేదంటాండారు. దీపం పచ్చగా ఉంటే మీకేం నొప్పి అంటాండారు. పెట్టప్పా, నీకు దండం పెడతా."

"పెట్టను సార్. ఒగసారి నోరు మూసుకున్నా. సాలు."

వివేక్ రిజిస్టరును తొడ మీద పెట్టుకొని తనే సంతకం చేశాడు. "అయిపాయ. దిగమ్మా, పది నిమిషాల పని."

ఉచ్చెంగమ్మ కదలలేదు.

"సంతకం నీదే కదప్పా?" అని వివేక్‌ను అడిగింది.

"నాదే."

"అట్లయితే నువ్వూ రా. ఊడ్సేది నేనే. నువ్వు ఊరికే నా పక్కన నిలబడు, సాలు."

ఆమె ఒక అడుగు పక్కకు జరిగి మెట్ల దోవ విడిచింది. వివేక్ కిందికి చూశాడు. పెన్నుకు మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. ఆమె అట్లాగే నిలబడి ఉంది.