పిలుపుకు ముగ్గురు

బెన్హర్ పోయిన రోజున ఆ ఇంట్లో ఇంకొకటి కూడా పోయింది. అదేమిటో వెంటనే ఎవరికీ తెలియలేదు. నేల మీద కూర్చుని దుఃఖపడే రోజులు ముగిశాక వచ్చిన మొదటి శనివారం మధ్యాహ్నం, మామగారు ఆనందబాబు రొట్టె తినడం ముగించి, అలవాటుగా కుడిపక్కకు తల తిప్పాడు. పెద్దకొడుకు బెన్హర్ కూర్చునే చోటు అది. కాసేపు అటే చూసి, ఎదురుగా ఉన్న చిన్నకొడుకు సుశీల్ కుమార్‌తో, "ఇద్దరమే గదరా మనం," అన్నాడు. ఆ పైన ఎవరి స్తోత్రం వాళ్ళు నోట్లోనే చెప్పుకుని లేచారు. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిన అబిగయీలుకు అప్పుడు అర్థమైంది, భర్తతోపాటు భర్త పిలుపు కూడా పోయిందని.

ఆనందబాబు కాలవ మీద నీళ్ళు వదిలే లస్కరుగా పనిచేసి రిటైరైనవాడు. ఇరవై ఏళ్ళ కిందట చిట్టమూరులో బాప్టిస్టు సంఘాన్ని వదిలి, మరి రెండు మూడు కుటుంబాలతో కలిసి యూదుల ధర్మం పట్టుకున్నాడు. శుక్రవారం పొద్దుగుంకితే ఆ ఇళ్ళలో పొయ్యి వెలగదు. చుట్టూ రొయ్యల గుంటలే ఉన్నా రొయ్య గడప దాటదు, పొలుసున్న చేపనే వండుతారు. ఊళ్ళోవాళ్ళు వీళ్ళకు శనివారపోళ్ళు అని పేరు పెట్టారు. రొట్టె తిన్నాక దేవునికి పెద్ద స్తోత్రం చెప్పాలన్నది వాళ్ళ నియమం. ముగ్గురు మగవాళ్ళు కలిసి తింటే, ఆ స్తోత్రానికి ముందు ఒకరు మిగిలినవాళ్ళను పిలుస్తారు. "స్తుతి చెల్లిద్దాం రండి" అని ఒకరంటే, "ఆయన పేరుకు ఎల్లకాలం స్తుతి" అని మిగిలినవాళ్ళు జవాబిస్తారు. ఇద్దరే ఉంటే పిలుపు ఉండదు.

పిలిచే పని బెన్హర్‌ది. అతని గొంతు బాగుండేదని కాదు, కొంచెం బొంగురుగానే ఉండేది. కానీ ఆ పిలుపు వినపడితే ఇంట్లో అందరూ ఒక పని ముగించినట్టు ఉండేది. అబిగయీలు గుమ్మంలోనే నిలబడి ఆమెన్ అనేది. కడుపులో ఇంకా ఏమీ పడకుండానే, తిన్నందుకు చెప్పే స్తోత్రానికి ఆమె ఆమెన్ చెప్పేది. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆ మాటే అతనితో అన్నది. నేనూ మీతో కూర్చోనా అని అడిగింది. "నువ్వు కూర్చుంటే నీళ్ళెవరిస్తారు అబీ?" అని బెన్హర్ నవ్వాడు. చెడ్డవాడు కాదు. ఆ నవ్వులో వెక్కిరింత కూడా లేదు. అందుకే ఆమె వెళ్ళి నీళ్ళ చెంబు తెచ్చింది.

ఆమె బళ్ళో అయిదో తరగతికి చెబుతుంది. శనివారం జీతం వచ్చే పని చేస్తే ధర్మానికి లోటు కదా అని ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, గవర్నమెంటు ఉద్యోగం గదా అని సర్దుకున్నారు. అంత పెద్ద నియమం సర్దుకున్న ఇంట్లో ఆమె పళ్ళెం వేసే చోటు మాత్రం సర్దుకోలేదు. బళ్ళో మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు, అందరికీ వడ్డించేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదని పిల్లలకు ఆమే నేర్పింది. సెలవు శనివారాల్లో ఇంటి దగ్గర మగవాళ్ళకు వడ్డిస్తూ ఆ సంగతి గుర్తొస్తే సిగ్గుగా ఉండేది. మిగతా రోజుల్లోనైతే వేడివేడిగా వడ్డించాలనే సాకు ఉంది. శనివారం పొయ్యే లేదు. చేపల పులుసు ముందురోజుది, మరునాటికే దానికి రుచి. రొట్టెలు హాట్‌బాక్సులో ఉంటాయి. వేడి చేసేది లేదు, కాల్చేది లేదు. అయినా ఆ ఇంటి ఆడవాళ్ళు ముగ్గురూ, అత్తగారు రెబెక్కమ్మ, తను, సుశీల్ భార్య ఏంజెలిన్, విశ్రాంతి దినాన నిలబడే ఉంటారు. మగవాళ్ళు లేచాక రొట్టెలు మిగిలేవి కావు. మిగలాలని ఎవరూ అనుకునేవారూ కాదు. వంటింట్లో కూర్చుని చల్లన్నంలో పులుసు పోసుకుని తినేవారు. రొట్టె తినలేదు కాబట్టి వాళ్ళకు ఆ పెద్ద స్తోత్రం కూడా లేదు.

పిలుపు పోయినందుకు ఆనందబాబు బెంగపెట్టుకున్నాడు. ఊళ్ళో తోటి కుటుంబాల మగవాళ్ళు ఎవరింటి పంక్తిలో వాళ్ళుండాలి కాబట్టి, దానికి ఆయన వెతికిన మందు రవి కుమార్. దొరవారిసత్రంలో సెల్‌ఫోన్లు బాగుచేసే అతను కూడా శనివారపు మనిషే. శనివారం ప్రయాణం కూడదు కాబట్టి శుక్రవారం సాయంత్రమే సంచీతో దిగేవాడు. పక్క వెయ్యాలి, దుప్పటి ఇవ్వాలి, రెండు పూటలా పెట్టాలి. రొట్టెల పిండి ఇంకో మనిషికి తడపాలి. "పులుసులో పులుపు రవంత తగ్గిందక్కా," అనేవాడు మూడో రొట్టె తుంచుకుంటూ. అతను కూర్చునేది బెన్హర్ చోట్లో. పిలుపు మళ్ళీ వినపడింది. రవి కుమార్ దాన్ని బస్సు కోసం వెళ్ళేవాడిలా గబగబా అనేవాడు. అది విన్న ప్రతిసారీ అబిగయీలు వంటింట్లోకి తిరిగి ఏదో ఒక మూత సర్దేది.

ఒక శనివారం, రవి కుమార్ వినేంత దూరంలోనే, రెబెక్కమ్మ అన్నది: "పెద్దోడికి ఒక మగపిల్లోడుండుంటే ఈ తిప్పలుండేవా? పరాయోణ్ణి బతిమాలుకోవాల్సి వచ్చినాదే." అబిగయీలుకు పిల్లలు లేరు. ఆ మాట ఆమెకు కొత్త కాదు. కొత్తగా తగిలింది ఇంకొకటి. బెన్హర్‌తో పధ్నాలుగేళ్ళు బతికింది తను. అతని బట్టలు, అతని జ్వరాలు, అతని కోపాలు అన్నీ తెలిసింది తనకు. అతని చోటు నింపడానికి ఆ ఇంట్లోవాళ్ళకు దొరవారిసత్రం గుర్తొచ్చింది గాని గుమ్మంలో నిలబడినవాళ్ళు గుర్తుకు రాలేదు. తనకు కావలసింది ఆ పిలుపేనని, అది అలా అరువు గొంతులో వద్దని అప్పుడు ఆమెకు స్పష్టమైంది. కానీ మాట తొందరపడి అనడం ఆమెకు చేతకాదు.

వేసవి సెలవుల్లో ఒక శుక్రవారం, రొట్టెలన్నీ కాల్చి హాట్‌బాక్సు మూతపెట్టాక రవి కుమార్ ఫోన్ చేశాడు. "శ్రీహరికోటలో రాకెట్టు వదులుతున్నారంట మామా. పిల్లోళ్ళు మిద్దెక్కి చూడాలని ఒకటే ఏడుపు. ఈ వారం రాలేను." ఆ రాత్రి భోజనం పిలుపు లేకుండానే ముగిసింది. మరునాడు మధ్యాహ్నం కూడా ఆనందబాబు, సుశీల్ ఇద్దరే కంచాల ముందు కూర్చున్నారు. ఆనందబాబు మొదటి ముక్క తుంచి, నోట్లో పెట్టుకుని, చాలా నెమ్మదిగా నమిలాడు.

"మామా, ఒక మాట అడగనా?" అన్నది అబిగయీలు.

"అడుగమ్మా."

"మూడో మనిషి లేకపోతే పిలుపు లేదంటారు. ఇంట్లో మేం ముగ్గురం ఉండాం గదా. మా సంగతేంది?"

సుశీల్ అడ్డం వచ్చాడు. "అదెట్టా వదినా? మగోళ్ళు ముగ్గురుండాల. ఆడోళ్ళను లెక్కలో కలపరు. టీచరమ్మవి, నీకు తెలీదా?"

"అడిగింది నన్నురా. నువ్వు తిను," అన్నాడు ఆనందబాబు.

ధర్మం విషయంలో ఆయన అబద్ధం ఆడడు, తనకు ఇబ్బందైనా సరే. అందుకే అబిగయీలు ఆయనను అడిగింది.

"మా ఇద్దరితో నిన్ను కలిపి ముగ్గురనకూడదు. వాడు చెప్పింది నిజమే. అయితే మగోళ్ళు పిలుచుకునే పంక్తిలో ఆడోళ్ళు తిన్నారనుకో, వాళ్ళు కూడా జవాబు చెప్పాల్సిందే. తప్పించుకునే దానికి లేదు. ఆడోళ్ళే ముగ్గురు కలిసి తింటే, వాళ్ళల్లో వాళ్ళు పిలుచుకోవచ్చు. పెద్దలు రాసి పెట్టిందే అది."

"మరి ఇన్నేళ్ళూ మేమెందుకు చెప్పలేదు మామా?"

ఆనందబాబు కంచంలోకి చూశాడు. "మీరు మాతో యాడ తిన్నారమ్మా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆయనకే అప్పుడు తట్టినట్టుగా అన్నాడు. తనను గుమ్మంలో నిలబెట్టింది ధర్మమని అబిగయీలు ఇన్నాళ్ళూ అనుకున్నది. ధర్మంతో పోట్లాడటానికి తానెంతటిదని ఊరుకున్నది. ధర్మం ఆమెకు ముందే కంచం పెట్టి ఉంచింది. గుమ్మం మాత్రం అంతకన్నా పాతది. ఈ ఇంటివాళ్ళు బాప్టిస్టులు కాకముందు కూడా అది ఉంది. బాప్టిస్టులయ్యాక ఉంది, యూదులయ్యాక కూడా దాన్ని ఎవరూ తీసెయ్యలేదు. దేవుడి పేరు చెప్పే పద్ధతి మారింది గాని అన్నం తినే పద్ధతి మారలేదు. కోపం రావలసిన చోట ఆమెకు ఎందుకో ఊపిరి తేలికైంది.

గరిటె పులుసు గిన్నెలో ఉంచి, గిన్నె తెచ్చి మగవాళ్ళ కంచాల మధ్య పెట్టింది. హాట్‌బాక్సు తెచ్చింది. రవి కుమార్ కోసం చేసిన రొట్టెలు అందులో అలాగే ఉన్నాయి. మూడు కంచాలు వేసి, బెన్హర్ చోట్లో కూర్చున్నది.

"ఏందమ్మే ఇది!" అన్నది రెబెక్కమ్మ. "నువ్వు కూర్చుంటే వాళ్ళకు పులుసెవరు పోస్తారు?"

"గిన్నె మధ్యలోనే ఉంది అత్తా. చెయ్యి చాపితే అందుతుంది."

"నాకు పొద్దుటినుంచి ఆకలేస్తా ఉంది," అని ఏంజెలిన్ వచ్చి అబిగయీలు పక్కన కూర్చున్నది. సుశీల్ ఆమెవైపు చూశాడు. ఆమె అతనివైపు చూడకుండా రొట్టె తీసుకున్నది.

రెబెక్కమ్మ నిలబడే ఉంది. "వాడి చోట్లో కూర్చున్నావే," అన్నది.

"రవి కుమార్ కూర్చుంటే నీకు బాగుండిందా అత్తా?"

రెబెక్కమ్మ గోడ పట్టుకుని మెల్లగా కిందికి దిగి కూర్చున్నది. "బాగలేదమ్మే," అన్నది. "వాడొచ్చి ఆడ కూర్చున్నప్పుడల్లా నేనటు చూసేదాన్నే కాదు. ఎవరితో చెప్పుకునేది?" అబిగయీలు ఆమె కంచంలో రొట్టె వేసి, పులుసులోంచి మామిడికాయ ముక్క ఏరి పెట్టింది. అత్తగారికి అది ఇష్టమని తెలుసు. రెబెక్కమ్మ తుంచి నోట్లో పెట్టుకున్నది. "మెత్తగానే చేస్తన్నామే మనం," అన్నది కాసేపటికి, ఎవరో తెలియనివాళ్ళ వంట మెచ్చుకున్నట్టు.

ఆ తర్వాత అందరూ తిన్నారు. సుశీల్ రెండుసార్లు పులుసు పోసుకున్నాడు, తనే. తినడం అయ్యాక ఆనందబాబు ఆడవాళ్ళవైపు తిరిగి, "చెప్పండి మరి. మీ పిలుపుకి మేం ఆమెన్ అంటాం," అన్నాడు. "నేనూనా నాయనా?" అన్నాడు సుశీల్. "నువ్వు కూడా తిన్నావు గదరా," అన్నాడు ఆయన.

అబిగయీలు గొంతు సవరించుకున్నది. ఆ పిలుపు ఎన్నిసార్లు విన్నదో, ఇప్పుడు మొదటి మాటే నోటికి అందలేదు. పిలిస్తే తన గొంతులో అతని గొంతు వినపడుతుందేమోనని భయం వేసింది. వినపడదేమోనని అంతకన్నా భయం వేసింది.

"ఉండు ఉండు," అన్నది రెబెక్కమ్మ, పైట సర్దుకుంటూ. "పెద్దదాన్ని నేనుండంగా నువ్వెట్టా చెప్తావమ్మే?"

ఏంజెలిన్ కిసుక్కున నవ్వింది. ఆనందబాబు కూడా నవ్వాడు. బెన్హర్ పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు. రెబెక్కమ్మ ఎవరినీ పట్టించుకోకుండా కళ్ళు మూసుకుని, "అమ్మలారా, స్తుతి చెల్లిద్దాం రండి," అని పిలిచింది. గట్టిగా, కాలవ అవతల ఉన్నవాళ్ళను పిలిచినట్టు పిలిచింది.

"ఆయన పేరుకు ఎల్లకాలం స్తుతి," అన్నది అబిగయీలు. తిన్న నోటితో అన్నది. మగవాళ్ళిద్దరూ ఆమెన్ అన్నారు. అన్నాక ఆమెకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఇన్ని నెలలుగా వచ్చినవాటిలా అవి మండలేదు. వాటిని తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. అందరూ ఒక పని ముగించినట్టు ఉంది. వచ్చే శుక్రవారం నుంచి అయిదుగురికీ సరిపడా పిండి తడపాలని, దొరవారిసత్రానికి ఫోన్ అక్కర్లేదని మామగారితో చెప్పాలని అనుకున్నది. చెప్పబోతుంటే ఆయనే, "రవికి చెప్తాలే, ఊరికే శ్రమపడొద్దని," అన్నాడు.

ఆ తర్వాత మగవాళ్ళు చేతులు కడుక్కుని వరండాలోకి వెళ్ళారు. శనివారం అంట్లు తోమరు. కంచాలు, పులుసు గిన్నె, ఖాళీ హాట్‌బాక్సు సాయంత్రం చుక్కలు పొడిచేదాకా పెరట్లో పంపు దగ్గర ఉన్నాయి. వాటిని ఎవరు తోమాలన్న మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు.