సున్నా దగ్గర ఉన్న పేరు

ఆరేళ్ళుగా నాకొక సందేహం. అంట్ల విషయంలో దేవుడు నా మీద పగబట్టాడా అని. ఆ దేవుణ్ణి తప్ప ఎవరినీ అడగలేదు.

మా ఇంట్లో రోజూ అంట్లు ఎవరు తోమాలో కంప్యూటర్ తేలుస్తుంది. "తలా ఒకరోజు తోముదాం" అని నేనొకసారి అన్నందుకు, అప్పుడే కోడింగ్ నేర్చుకుంటున్న మావారు చీటీ తీసినట్టు ఒక పేరు తీసే చిన్న ప్రోగ్రామ్ రాశారు. ఇంటి పెద్దగా ముందు తన పేరు, తర్వాత అత్తయ్యది, మరిదిది, చివర నాది. అచ్చు తీసి సింకు పైన గోడకి అంటించారు కూడా. "దాపరికం ఏమీ లేదు, ఎవరైనా చదువుకోవచ్చు" అన్నారు.

ఆయన పేరు ఒక్కసారీ రాలేదు. నాది రెండ్రోజులకోసారి వచ్చేది. అత్తయ్య పేరు వస్తే ఆవిడ నడుము పట్టేసేది, మరిది పేరు వస్తే అతనికి ఏదో ఫోను వచ్చేది. ఆ రోజులూ నావే. మొహం మాడ్చుకుంటే, "నేనేం చేయనే, దేవుడే నిన్ను ఎంచుకుంటున్నాడు" అని మావారు నవ్వేవారు. "మావాడిది అదృష్టజాతకం" అని అత్తయ్య మురిసిపోయేది. పూజలో కూర్చుంటే నా చేతుల నుంచి సబ్బువాసన. నామం మధ్యలో ఆగి, నిజంగా నువ్వేనా స్వామీ, అని అడిగేదాన్ని.

పోయినవారం నేను మాడిన గిన్నె గీకుతుంటే మా అమ్మాయి బడి పాఠం పైకి చదువుతోంది. "మనం ఒకటి నుంచి లెక్కపెడతాం, కంప్యూటర్ సున్నా నుంచి లెక్కపెడుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే పొరపడతారు."

నా చెయ్యి ఆగింది. కళ్ళెదుట గోడ మీద ఆ కాగితం.

"ఇలా రామ్మా, ఇది చదివి చెప్పు."

చీటీ ఒకటి నుంచి నాలుగు దాకా తీస్తోందట. నాన్న పేరు సున్నాలో ఉంది కాబట్టి ఎప్పటికీ తగలదు. నాలుగులో అసలు పేరే లేదు. అది వచ్చినప్పుడల్లా ప్రోగ్రామ్ ఆగిపోతోందని కింద ఒక అతుకు వేశారు: పేరు దొరక్కపోతే, చివరి పేరు.

"అంటే నాన్న వంతు కూడా నీకే పడుతోందమ్మా. దిద్దెయ్యనా? రెండు నిమిషాల పని."

దిద్దమన్నాను. దిద్దినదాన్ని అచ్చు తీయించి దేవుడి పటం వెనక దాచాను. కంప్యూటర్‌లో మాత్రం ఆ తప్పులు అలాగే ఉంచి, మొదటి పేరూ చివరి పేరూ అటూ ఇటూ మార్పించాను. మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఈ వారంలో నాలుగుసార్లు ఆయనే. ఇవాళ మోచేతుల దాకా నురగతో, "ఇందులో ఏదో తప్పుందే" అన్నారు.

"మీరు రాసిందేగా. దేవుడే మిమ్మల్ని ఎంచుకుంటుంటే నేనేం చేయనండీ?"

అత్తయ్య జాతకం ఊసెత్తలేదు.

ఇది పాపమేమో. అయినా ఆయన వంతు ఆరేళ్ళు నిండాకే ఆ కాగితం బయటికి తీస్తాను, ఒక్కరోజు ముందు కూడా కాదు. వంటింట్లో గిన్నెల చప్పుడు వింటూ, పొడి చేతులతో పటం ముందు కూర్చున్నాను. స్వామికి నేనొక మాట బాకీ ఉన్నాను.

"నువ్వు కాదు తండ్రీ. ఇన్నాళ్ళూ నిన్ను అనుమానించాను, క్షమించు."