చదివినట్టే భావించిన మినిట్సు

నాచుల పరిశోధన సంఘం కార్యవర్గం కూర్చుని గంటన్నర దాటింది. ఇంతసేపూ లండన్‌లోని ఆ పదకొండుమంది పెద్దమనుషులు చర్చించింది ఒక్కటే: వార్షిక విందులో తాబేలు సూపు పెట్టాలా, ఎద్దుతోక సూపు పెట్టాలా అని. చివరికి రెండూ పెట్టాలని తీర్మానించారు. ఛీ, వీళ్లదీ ఒక శాస్త్రమే! అని లోపల తిట్టుకుంటూనే, మూల కూర్చున్న సహాయ కార్యదర్శి సైలస్ థ్రేల్ రెండు సూపుల పేర్లూ పుస్తకంలోకి ఎక్కించాడు.

పద్నాలుగేళ్లుగా ఇదే ఆయన ఉద్యోగం. సమావేశంలో ఎవరేమన్నారో మినిట్సు రాయడం, వచ్చిన వ్యాసాల మీద అందిన తేదీ వెయ్యడం, దొరలు మరిచిపోయిన గొడుగులు వెతికిపెట్టడం. సంఘం మేడ మీదే రెండు గదులిచ్చారు, భార్యతో కాపురం అక్కడే. ఉద్యోగం పోతే ఇల్లూ పోయినట్టే.

సూపు సంగతి తేలాక ఉపాధ్యక్షుడు సర్ లూషియస్ పెన్‌హాలో గొంతు సవరించుకున్నాడు. బతికున్న నాచు ఎక్కడ పెరుగుతుందో కూడా ఎరగని మనిషి. ఎరిగినవాడు లాంకషైర్‌లో ఉన్నాడు, జేబెజ్ ఆగ్డెన్ అని, మిల్లులో నేతగాడు. ఆదివారాలు చిత్తడి కొండల్లో మోకాళ్ల మీద పాకి, ఎవరూ చూడని నాచు ఒకటి కనిపెట్టాడు. దాని మీద అతను రాసిన వ్యాసం మార్చి మూడున చేరింది. వెంట వచ్చిన నమూనాలు చూసిస్తానని సర్ లూషియస్ ఇంటికి పట్టుకెళ్లాడు. ఏప్రిల్ తొమ్మిదిన అదే నాచు మీద ఆయన వ్యాసం ఊడిపడింది, నాచుకి తన పేరే పెట్టుకుని! ముందు చేరిన వ్యాసమే ముందు అచ్చవుతుంది, ముందు అచ్చయినవాడిదే నాచు.

"ఏమయ్యా థ్రేల్, నా వ్యాసం ఫిబ్రవరిలో కదూ ఇచ్చాను?"

"ఏప్రిల్ తొమ్మిదినండి."

"ఫిబ్రవరి అని వేసెయ్. ఆ నేతగాడికి పేరెందుకు, కూడు పెడుతుందా?"

అందరూ విన్నారు. ఒకాయన పైకప్పు చూశాడు, ఇంకొకాయన గోళ్లు చూసుకున్నాడు. అధ్యక్షుడు లార్డ్ ఆవెరిల్ మాత్రం, ఇంత చిన్నదానికి పేచీ ఎందుకు, ఆయన చెప్పినట్టే కానివ్వమని గడియారం తీశాడు. జేబుదొంగలు నయం, పట్టుబడితే సిగ్గయినా పడతారు.

మర్నాడు థ్రేల్ సంగతంతా భార్య హారియెట్‌తో చెప్పాడు. జరిగింది జరిగినట్టు రాయాలనుందన్నాడు. ఆవిడ కాసేపు ఆ రెండు గదులూ కలయజూసింది.

"రాస్తే మనల్ని గెంటేస్తారు. రాయకపోతే మీరు తిండి ముట్టరు. రాసెయ్యండి" అంది.

రాసేశాడు.

సంఘంలో ఒక నియమం ఉంది. కిందటి సమావేశం మినిట్సు చదివి వినిపించాక అధ్యక్షుడు సంతకం చెయ్యాలి. సంతకం పడ్డాక అక్షరం మార్చడానికి వీల్లేదు, వ్యాసాల అచ్చు కూడా దాని ప్రకారమే. కానీ వినే ఓపిక ఎవడికి? చదవబోగానే ఎవరో ఒకరు 'చదివినట్టే భావిద్దాం' అంటారు, మిగతావాళ్లు తలలూపుతారు. పద్నాలుగేళ్లూ ఇదే తంతు.

మే నెల సమావేశంలో థ్రేల్ లేచి నిజంగానే చదవబోయాడు. నోరు తెరిచాడో లేదో, సర్ లూషియసే చెయ్యి విసిరాడు.

"చదివినట్టే భావిద్దామయ్యా, కూర్చో."

లార్డ్ ఆవెరిల్ మినిట్సు పుస్తకం కేసి చూడకుండానే సంతకం గీకాడు. సర్ లూషియస్ అప్పుడు ముందుకి వంగాడు.

"ఆ తేదీ సంగతి చూశావుగా?"

"అంతా రాశానండి. వినిపించమంటారా?"

"ఊఁ, ఆ ముక్క చదువు."

థ్రేల్ చదివాడు: "'సర్ లూషియస్ పెన్‌హాలో తన వ్యాసం మీద తప్పుడు తేదీ వెయ్యమన్నారు. అధ్యక్షులు సరేనన్నారు. మిగతా సభ్యులు విని ఊరుకున్నారు. సహాయ కార్యదర్శి తేదీ మార్చలేదు. ఆగ్డెన్ వ్యాసం మార్చి మూడున, పెన్‌హాలో వ్యాసం ఏప్రిల్ తొమ్మిదిన అందాయి.'"

పదకొండుమందీ తేలు కుట్టిన దొంగల్లా బిగుసుకుపోయారు. ముందు తేరుకున్నది సర్ లూషియస్. ఆ కాగితం చింపెయ్యమని అరిచాడు.

"దాని కింద నా సంతకం ఉంది, లూషియస్" అన్నాడు లార్డ్ ఆవెరిల్. నిజం పోతుందన్న బాధ కాదు ఆ మహానుభావుడిది, తన సంతకం తనే చింపుకున్నాడన్న అప్రతిష్ఠ వస్తుందన్న భయం. తరవాత థ్రేల్ వైపు తిరిగి, సాయంత్రానికల్లా గదులు ఖాళీ చెయ్యమన్నాడు.

"చిత్తం. ఈ తీర్మానం కూడా పుస్తకంలో రాసి వెళ్లమంటారా?"

థ్రేల్ ఆగ్డెన్ వ్యాసం అచ్చుకి పంపే కట్టలో అన్నిటికన్నా పైన పెట్టి, సామాను సర్దమని హారియెట్‌కి చెప్పడానికి మేడెక్కాడు.