తాలు వాటా

పూలమ్మ ముక్కుకు కట్టుకున్న గుడ్డ సర్దుకుని మళ్ళీ రబ్బరు పట్టా మీదికి వంగింది. మిషను ఏరి వదిలిన మిర్చి ఎర్రగా జారిపోతుంటే, తెల్లబారిన తాలుకాయ ఏదైనా తప్పించుకు వచ్చిందేమో చూడటం ఇప్పుడామె పని. తప్పించుకు వచ్చేవి లేనే లేవు. మొన్న మొన్నటిదాకా ఎనుమాముల మార్కెట్టు దగ్గరి ఈ షెడ్డులో గుట్టల చుట్టూ ఆడవాళ్ళు గుంపులుగా కూర్చుని తాలు ఏరేవారు. ఇప్పుడు ముగ్గురు మిగిలారు. మిషను లోపలి కెమెరా ప్రతి కాయనూ చూస్తుంది, నచ్చకపోతే ఫట్టున గాలి కొట్టి పక్క డబ్బాలో పడేస్తుంది. దానికి తుమ్ములు రావు, చేతులు మండవు.

పూలమ్మ చేతులు మాత్రం ఇరవై ఏళ్ళుగా మండుతూనే ఉన్నాయి. హమాలీ పని చేసే భర్త మొగిలికి నడుము పడిపోయిన ఏడాది, ఆమె హసన్‌పర్తి నుంచి ఈ పనికొచ్చింది. రోజూ ఇంటికెళ్ళి చేతులు మజ్జిగలో ముంచుకున్నాకే అన్నం ముద్ద కలిపేది.

పొద్దుగూకితే ఎవరి కొంగులో పట్టినంత తాలు వాళ్ళు తీసుకెళ్ళవచ్చు. పెద్ద సేటు కాలం నుంచీ ఉన్న ఆనవాయితీ అది. కానీ ఉత్త తాలుతో కారం పట్టిస్తే రంగుండదు, రుచుండదు. అందుకే ప్రతి చేయీ మధ్యమధ్య ఒక మంచి కాయను తాలులోకి జారవిడిచేది. తిలాపాపం తలా పిడికెడు. పెద్ద సేటు చూసీచూడనట్టు ఊరుకునేవాడు. కొత్తలో ఈ సంగతి పూలమ్మకు తెలియదు. పక్కన కూర్చున్న సమ్మమ్మే, మాట్లాడకుండా ఆమె తాలులోకి ఎర్రకాయలు నెట్టి నేర్పింది. ఆ ఏడాది మొగిలి కంచంలో కనిపించిన ఎరుపంతా సమ్మమ్మ పెట్టిందే.

మిషను బిగించినప్పుడు ఇంజనీరు సింధు వచ్చి పూలమ్మ నెత్తిమీద కెమెరా వేలాడదీసింది.

"అమ్మా, రోజూ ఎట్ల ఏరుతరో అట్లనే ఏరండి. మిమ్ముల చూసి మిషన్ నేర్చుకుంటది."

అంతమందిలో తననే ఎంచుకున్నారని పూలమ్మ పొంగిపోయింది. బతుకమ్మ పండక్కి కొన్న చీర కట్టుకొచ్చింది. గోడలకు చెవులుంటాయని విన్నది గాని, నెత్తిమీద కన్ను ఎప్పుడూ చూడలేదు. చేయి జారితే కంప్యూటర్లో దొంగతనం బయటపడుతుందని ఒకటే భయం. రోజూ ఏరినట్టు ఏరమంటే, పరీక్ష రాసినట్టు ఏరింది. ఒక్క ఎర్రకాయను కూడా తాలులో పడనివ్వలేదు.

ఈ రోజు సాయంత్రం మిషను ఆగాక సమ్మమ్మ తాలు డబ్బాలో మోచేతిదాకా చేయి పెట్టి వెతికింది.

"ఒక్క ఎర్రకాయ లేదేందే పూలా?"

"మిషను గదక్కా."

"నీ దగ్గర్నే నేర్సుకున్నదంట గదా."

సమ్మమ్మ నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అన్నది. పూలమ్మకు తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

మిషను పనితీరు చూడ్డానికి మళ్ళీ వచ్చి, ల్యాప్‌టాప్ సర్దుకుంటున్న సింధు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"బిడ్డా, దానికి మళ్ళొకపారి నేర్పరాదు? జర చెయ్యి జారుడు గూడ నేర్పుత."

"ఎందుకమ్మా? మీ చెయ్యి మస్తు పర్‌ఫెక్ట్. ఖమ్మంల పెట్టే మిషన్లకు గూడ ఇదే ఎక్కిస్తున్నం."

ఖమ్మంలో తనెన్నడూ చూడని ఆడవాళ్ళ కొంగులు కూడా ఇక తెల్లబోతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని పూలమ్మకు ఏడుపొచ్చింది.

ఇంతలో గుమాస్తా శ్యాంసుందర్ గుమ్మం దగ్గర నిలబడి, ఎటో చూస్తూ చెప్పాడు. "రేపటి సంది ఇద్దరు సాలన్నడు చిన్న సేటు. సమ్మమ్మా, నువ్వింక ఇంటికాడ ఆరాం జెయ్యి."

"సరే కొడుకా," అన్నది సమ్మమ్మ.

పూలమ్మ గబగబా పట్టా దగ్గరికి నడిచింది. ఎవరు చూస్తే చూడనీ అనుకుని, మేలురకం కాయలు రెండు దోసిళ్ళు ఎత్తి తాలు డబ్బాలో పోసింది.

"అక్కా, కొంగు పట్టు," అంటూ వెనక్కి తిరిగింది.

సమ్మమ్మ లేదు. గేటు అవతల షేర్ ఆటో అప్పుడే మలుపు తిరుగుతున్నది. ఇన్నేళ్ళలో మొదటిసారి సమ్మమ్మ వట్టి కొంగుతో వెళ్ళిపోయింది.

వాచ్‌మన్ వచ్చి లైట్లు తీసేశాడు. పాలిపోయిన తాలు మీద ఆ రెండు దోసిళ్ళ ఎర్రకాయలు అట్లాగే ఉండిపోయాయి.