మైకు మింగిన అక్షరం

రెండో టీ కావాల్సి వచ్చినప్పుడు కూడా బలరాం నోరు విప్పలేదు. ఒక వేలు ఎత్తి చూపించాడు. హోటల్ నడిపే భీమక్క గ్లాసు తెచ్చి ముందు పెట్టి, "మూగోడు గావచ్చు పాపం" అని పొయ్యి దగ్గరికి పోయింది. ఆ మాట వినగానే అతనికి ప్రాణం కొంచెం కుదుటపడింది. మూగవాడనుకుంటే అంతకంటే కావాల్సిందేముంది!

ఆ రేకుల షెడ్డు కింద వాన వెలిసేదాకా ఇరుక్కుపోయిన వాళ్లలో బలరాం మొహం తెలిసినవాడు ఒక్కడూ లేడు. గొంతు తెలియనివాడు కూడా ఒక్కడూ లేడు. ములకలపల్లి చుట్టుపక్కల జాతర జరిగినా, ఆటల పోటీలు జరిగినా, పార్టీల మీటింగు జరిగినా మైకులో మోగేది అతని గొంతే, మొహం మాత్రం స్టేజీ మీది పెద్దల చాటునే ఉండిపోయేది. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి దేవుడు ఇచ్చింది అదొక్కటే, దాంతోనే ఇన్నాళ్లూ బతికాడు. నిన్న పంద్రాగస్టు ఫుట్‌బాల్ ఫైనల్‌లో మోగింది కూడా అదే గొంతు. ఆ ఆటలోనే ముగ్గురు చచ్చిపోయారు.

బోనకల్ టీముకూ తండా టీముకూ ఆట. చుట్టూ గోడ ఉన్న గ్రౌండు, ఉన్నది ఒకటే గేటు. సగం ఆటయ్యాక ఆకాశం చిల్లుపడ్డట్టు వాన దిగింది. జనమంతా లేచి గేటు మీద పడ్డారు. గేటుకు తాళం ఉంది. ముందున్నవాళ్లు వెనక్కి రాలేకపోయారు, వెనకున్నవాళ్లకు ముందు ఏం జరుగుతోందో తెలియలేదు. చివరికి గేటు విరిచాక, దెబ్బలు తగిలినవాళ్లను దొరికిన బండ్ల మీద వాగు దాటించారు. ఆ తర్వాత వాగు పొంగి చప్టా మునిగింది. వెనక అడవి, ముందు వాగు. బోనకల్ నుంచి వ్యాన్లలో వచ్చినవాళ్లూ, అవతలి ఊళ్లకు పోవాల్సిన తండా మనుషులూ తెల్లారేసరికి ఈ హోటల్ కింద చేరారు. వాళ్ల మధ్య, తడిసిన తువ్వాల నెత్తిన వేసుకుని, బలరాం.

"ముందుగాల ఉరికింది మీరే," అన్నాడు బిచ్యా. తండా టీముకు డప్పు కొట్టేవాడు, నిన్నటి అరుపులకు గొంతు జీరబోయి ఉంది. "మీ బోనకల్లోళ్లకు వాన చుక్క పడితే కరిగిపోతరా?"

"మేం ఉరికామయ్యా, కాదనను," అన్నాడు ఉదయ్ భాస్కర్. బోనకల్ రైతుల అబ్బాయి, తెల్ల చొక్కా మోచేతుల దాకా మడిచాడు. "మీరు గేటుకి అడ్డంగా డప్పులు పెట్టుకుని కూర్చోకపోతే దారుండేది కదా. గ్రౌండంతా వదిలేసి అక్కడే కావాల్సొచ్చిందా మీకు?"

"గోల్ గొట్టినంక డప్పు గొట్టొద్దా మరి?"

"ఏది గోలు? అది ఆఫ్‌సైడు."

"ఆఫ్‌సైడా! నీ కండ్లు ఏడ పెట్టినవ్ బావా? డిఫెండరు గాడు గోల్‌పోస్టు పట్టుకొని నిలబడ్డడు!"

"మీ లైన్‌మన్ మీ తండావోడేగా. జెండా ఎత్తుతాడేంటి?"

అంతే. ఇక చావులు పక్కకు పోయాయి. బెంచీల మీదున్నవాళ్లు రెండు జట్లుగా చీలి ఆ గోలు మీద పడ్డారు. గ్లాసులు బంతులయ్యాయి, బిస్కెట్ పొట్లం గోల్‌పోస్టయింది. బలరాం తల వంచుకుని నవ్వుకున్నాడు, నవ్వు చేదుగా ఉంది. వీళ్లకు రేపు యముడొచ్చినా ఏ టీమువాడని అడుగుతారు.

"థూ మీ మొకాలు మండ," అంది భీమక్క పొయ్యి ఊదుతూ. "మనుషులు సచ్చిన్రు, మీరు ఆట ఆడుతున్రు. ఆ మూలకు కూసున్న అన్న బిడ్డ దవాఖానల ఉన్నది, గా సోయి గూడ లేదా?"

మూలకు కూర్చున్న మనిషి బొజ్జయ్య. తునికాకు, ఇప్పపువ్వు ఏరుకుని బతికే కోయ మనిషి. బిడ్డ వనజ ఆట చూడ్డానికొచ్చి గేటు దగ్గర నలిగింది. ఆమెను భద్రాచలం తీసుకుపోయిన బండిలో అతనికి చోటు చాల్లేదు. నిన్నటి నుంచి వాగు వైపు చూస్తూ కూర్చున్నాడు. టీ ఇస్తే పట్టుకున్నాడు గానీ తాగలేదు.

సిగ్గుపడ్డట్టు గ్లాసులూ పొట్లమూ పక్కకు జరిపారు. ఇంతలో ఒక కుర్రాడు ఫోను తీశాడు. షెడ్డులో సిగ్నలు అందేది గుంజ దగ్గర ఒక్కచోటే. అక్కడ నిలబడి, "గొడవెందుకు, ఇది సూడుండ్రి. అన్ని గ్రూపులల్ల తిరుగుతున్నది," అన్నాడు.

వీడియో చిన్నది. వాన చప్పుడు, జనం కేకలు, వాటన్నిటి మీద హారన్లలోంచి బలరాం గొంతు: "నూ... కుండ్రి! అందరు నూ... కుండ్రి!"

బలరాం తువ్వాల కళ్ల మీదికి లాక్కున్నాడు. తను అన్నది నూకకుండ్రి అని. తోయవద్దని. పేగులు తెగేలా అరిచాడు. తడిసిన యాంప్లిఫయర్ కరకరమంటూ మాట మధ్యలో మింగింది. ఒక్క అక్షరం. 'క' పోయింది, వద్దన్నది కాస్తా చెయ్యమన్నదయింది.

ఇంకోటి కూడా చూశాడు. ఆ వీడియో కిందనుంచి తీసింది కాదు. స్టేజీ మీదనుంచి తీసింది. స్టేజీ మీద ఉన్నది తనూ, కమిటీ అధ్యక్షుడు వెంకటనారాయణ, ఆయన మనుషులూ. నిన్న రాత్రి వెంకటనారాయణే ఫోన్ చేసి, "బలరాం, రెండు రోజులు నోరు మూసుకుని ఉండు. నేను చూసుకుంటాలే," అన్నాడు. పెద్దమనిషి తనను కాపాడుతున్నాడని బలరాం దండం పెట్టుకున్నాడు. ఎట్లా చూసుకుంటున్నాడో ఇప్పుడు తెలిసింది.

"నూకుమన్నడు, నూకిన్రు!" బిచ్యా లేచి నిలబడ్డాడు. "ఇగ మన తప్పేడిది?"

"అదే నేననేది," అన్నాడు ఉదయ్ భాస్కర్. నిన్నటి నుంచి వాళ్లిద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అది. "మైకులో చెప్తే జనం వినరా? తాగి ఉంటాడు."

"తాగుబోతే గావచ్చు. వానిది ములకలపల్లే గదా. ట్రాక్టర్ వస్తదంటున్నరు, దాటంగనే సీదా వాని ఇంటికే పోదాం."

"మైకు సెట్టంతా పలగ్గొడదాం."

"సెట్టేంది, ఇల్లే తగలబెడదాం!"

షెడ్డులో ఉత్సాహం పుట్టింది. తప్పు తమది కాదని తేలాక మనుషులకు వచ్చే ఉత్సాహం. బోనకల్ వాడు తండావాడికి బీడీ వెలిగించాడు. బలరాం ఇంట్లో పెళ్లాం ఒక్కతే ఉంది, వీడియో సంగతి కూడా ఆమెకు తెలిసి ఉండదు. వీళ్లందరూ అరుగు ఎక్కి పిలిస్తే, మైకు కిరాయికి వచ్చారనుకుని తలుపు తీస్తుంది.

"ఏమంటవ్ కాకా, నువ్వు గూడ వస్తవా?" బిచ్యా అతని భుజం తట్టాడు.

తల ఊపితే తన ఇంటి మీదికి తనే పోవాలి. ఊపకపోతే ఎందుకని అడుగుతారు. లేచి పోదామంటే వాగు.

"నేను నూకకుండ్రి అన్న," అన్నాడు బలరాం.

పెద్దగా అనలేదు. అయినా ఆ గొంతుకు రేకులు మోగినట్టయింది. బిచ్యా చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. భీమక్క చేతిలో గరిటె ఆగింది.

"వీడే! మైకోడు వీడే!"

ఎవరో కాలర్ పట్టారు, ఎవరో తువ్వాల లాగారు. బెంచీ తిరగబడి బలరాం వీపు గోడకు కొట్టుకుంది. "ఆగండి, ఆగండి! చెప్పనివ్వండి," అని ఉదయ్ భాస్కర్ మధ్యలోకి వచ్చాడు. దయతో కాదు, తన ఫోనులో రికార్డు పెట్టుకుని వచ్చాడు. "మళ్లీ అను. అదే మాట, అట్లాగే గట్టిగా."

"నూకకుండ్రి."

"ఇంకోసారి."

"నూకకుండ్రి! ఇంటికాడ పెండ్లాం మీద ఒట్టు, గిదే అన్న! సెట్టు తడిసింది, 'క' పడలేదు!"

కుర్రాడి ఫోనులో వీడియో మళ్లీ పెట్టారు. చెవులు ఫోనుకు ఆనించి విన్నారు. మళ్లీ పెట్టారు.

"అవ్, సన్నగ ఇనొస్తున్నది," అన్నాడు బిచ్యా కాస్త తగ్గి. "నూక్... అని పట్టినట్టున్నది."

"నాకేం వినపడలేదు," అన్నాడు ఉదయ్ భాస్కర్.

"నీకు గోలే కనపడలే, గిదేం ఇనపడ్తది?"

చిత్రమేమిటంటే, తండావాళ్లందరికీ ఆ అక్షరం వినిపించింది, బోనకల్ వాళ్లలో ఒక్కడికీ వినిపించలేదు. ఫోను చేతులు మారింది. ఉందనీ లేదనీ మళ్లీ అరుపులు. కాలర్ మీది చెయ్యి ఊడిపోయింది. బలరాం ఊపిరి పీల్చుకున్నాడు. సగం మంది తన వైపున్నారు. ఎట్లాగో బయటపడతాననిపించింది. కిందపడిన తువ్వాల తీసుకోబోయాడు.

బొజ్జయ్య లేచి వచ్చాడు. జనం తప్పుకున్నారు. అతను బలరాం ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు నూకొద్దనే అన్నవ్ తమ్మీ. నేను గేటు కాడ్నే ఉన్న, ఇన్న," అన్నాడు. "నూకొద్దంటే, నూకబడేటోడు ఏం జెయ్యాలె? నా బిడ్డ ఎవర్ని నూకింది?"

బలరాం తువ్వాల కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు మీద నిలబడ్డవ్. గేటుకు తాళం నీకు కనపడ్డది. గేటు తియ్యుండ్రి అని ఎందుకనలే?"

షెడ్డంతా అతని నోటివైపు చూసింది. 'క' వినపడిందా లేదా అన్న గొడవ ఆగిపోయింది. బలరాం వెనక గోడ ఉంది, ఎదురుగా ఆ మనిషి కళ్లున్నాయి. ఎందుకనలేదు? ఆ మాట నాలుక మీదికి రానైతే వచ్చింది. తాళం వేసినవాడు పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఇన్నేళ్లలో మైకు పట్టుకుని కింద ఉన్నవాళ్లను కూర్చోమన్నాడు, జరగమన్నాడు, తిట్టాడు కూడా. స్టేజీ మీద కూర్చున్నవాడికి ఇది చెయ్యి అని ఏనాడూ చెప్పలేదు. వాళ్ల పేర్లు పొగడడానికి తప్ప ఎత్తలేదు.

"తాళం ఎవరేసిన్రు?" బొజ్జయ్య అడిగాడు.

ఉదయ్ భాస్కర్ ఫోను ఇంకా అతని మొహానికి ఎదురుగానే ఉంది. బలరాం గొంతు సవరించుకున్నాడు. అలవాటు చొప్పున మాట దానంతటదే వచ్చింది.

"గౌరవనీయులు, కమిటీ అధ్యక్షులు, శ్రీ వెంకటనారాయణగారు..." ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. బలరాంకు ఏడుపొచ్చింది. "ఆయనే ఏసిండు. టికెట్టు లేనోళ్లు జొరబడ్తరని. తాళంచెవి అంగీ జేబుల ఏసుకున్నడు. జనం గేటు మీద పడి కేకలు పెట్టంగ సూసి, స్టేజీ ఎనక గోడ దాటి అవుతల ఉన్న కారెక్కిండు. చెవి ఆయన జేబులనే పోయింది. నేను సూసిన."

తండా కుర్రాళ్లు తమ టీము జెర్సీల వైపు చూసుకున్నారు. వాటి వీపుల మీద వెంకటనారాయణ ఎరువుల కొట్టు పేరు. బోనకల్ వాళ్లవి కూడా ఆయన ఇచ్చినవే. ఉదయ్ భాస్కర్ ఫోను దించి బొటనవేలితో ఏదో నొక్కాడు.

"తీసేసినవా?" అన్నాడు బిచ్యా.

"ఎందుకొచ్చిన గొడవ. పెద్దాళ్ల సంగతి పెద్దాళ్లు చూసుకుంటారు."

బిచ్యా ఏదో అనబోయి, తల గోక్కుని, "అవ్ తియ్," అన్నాడు. రెండు జట్లూ రెండోసారి ఒక్కటయ్యాయి. ఇక ఇల్లు తగలబెట్టే మాట ఎవరూ ఎత్తలేదు. మైకువాడి వైపు చూడడానికే ఎవరికీ మొహం చెల్లలేదు.

వాగు అవతల ట్రాక్టర్ చప్పుడయింది. నీళ్లు చక్రాల సగానికి వచ్చాయి గానీ డ్రైవరు దాటించాడు. జనం లేచి ట్రాలీ ఎక్కారు. బలరాం గోడ దగ్గరే నిలబడ్డాడు. వీళ్లు పోయాక, వాగు ఇంకా తగ్గాక, ఒక్కడే నడిచి పోవచ్చు. పెళ్లాన్ని తీసుకుని నాలుగు రోజులు నేలకొండపల్లిలో బామ్మర్ది ఇంట్లో ఉండొచ్చు. నోరు మూసుకుంటే వెంకటనారాయణ కూడా మరిచిపోతాడేమో.

బొజ్జయ్య ట్రాలీ ఎక్కి అంచున కూర్చుని, పక్కనున్నవాణ్ని మోచేత్తో జరిపి, కొంచెం చోటు చేశాడు.

"రా తమ్మీ. దవాఖానకు పోయే తొవ్వలనే ఠాణా ఉన్నది. ఇప్పుడన్నది ఆడ గూడ అను. నేను పక్కన నిలబడ్త."

"ఇనరన్నా వాళ్లు," అన్నాడు బలరాం. "ఆయన మాట ముందల నా మాటెంత?"

"ఇంటరో ఇనరో. నువ్వు అంటవా అనవా?"

డ్రైవరు హారన్ కొట్టాడు. బలరాం ట్రాలీ అంచు పట్టుకున్నాడు. బొజ్జయ్య చెయ్యి అందించి పైకి లాగాడు. అతను కూర్చోగానే ఇంకో నలుగురు ఉరికొచ్చి ఎక్కారు, మోకాళ్లకు మోకాళ్లు తగిలాయి, ఎవరి గొడుగు కర్రో డొక్కలో గుచ్చుకుంది. ట్రాక్టర్ నీళ్లలోకి దిగింది. బలరాం ఒకసారి వెనక్కి చూశాడు. దిగుదామన్నా కాలు కదిపే సందు లేదు.