ఏ సులోచన?

"సులోచన మళ్ళ కారుతున్నదే," అన్న మాట కూరగాయల బండి దగ్గర వినబడి, టమాటాలు ఏరుతున్న సులోచన చెయ్యి ఆగిపోయింది. అన్నది దుర్గవ్వ. ఆమె తిట్టింది మనిషిని కాదు, టెంఘర్‌లో తానుంటున్న, అదే పేరున్న బిల్డింగును. "పైకప్పు కారుతది గని నల్లా కారదు," అని పక్కామెతో నవ్వుతూ వెనక్కి తిరిగి, సులోచనను చూసి నాలిక కరుచుకుంది. "నిన్ను గాదక్కా, బిల్డింగును అన్న."

"నాకెరుకే," అంది సులోచన. ఎరుకే, కానీ ఇల్లు చేరేదాకా ఆ మాట చెవిలోంచి పోలేదు.

ఆమె భర్త రామనాథం నాగావ్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపి, షెడ్లు కొని అమ్మి, చివరికి బిల్డరయ్యాడు. కట్టిన మొదటి బిల్డింగుకు పెళ్ళాం పేరు పెట్టాడు. "పెండ్లాం పేరు గోడకెక్కిచ్చిండు నా కొడుకు," అని అత్త వాడంతా చెప్పుకుంది. గోడకెక్కిన పేరు కాగితం మీదికి మాత్రం ఎక్కలేదు, అందులో ఒక్క గదీ ఆమెది కాదు. మేస్త్రీలకు చాయ కాచి పోసింది ఆమె. తాళంచెవులు నడుముకు దోపుకుని వచ్చినవాళ్ళకల్లా గదులు చూపించింది ఆమె. "ఆడోళ్ళు నా మాట నమ్మరు, నువ్వు చెప్పు," అన్నాడాయన. చెప్పింది. ఇంట్లోనే నల్లా ఉంటది, బిందె మోసుడే ఉండదని నమ్మి చెప్పింది. ఆ మాట విని కడియాలమ్మి గది కొన్న దుర్గవ్వ ఈనాటికీ మూడో అంతస్తుకు బిందె మోస్తోంది. నీళ్ళ సంగతి ఎత్తినప్పుడల్లా రామనాథానిది ఒకటే మాట: "నీ పేరే పెట్టిన గదనే, ఇంకేం గావాలె నీకు?" ఆ మాట వినగానే ఆమె వంటింట్లోకి పోయేది.

ఇప్పుడాయన మనసు దానధర్మాల మీదికి మళ్ళింది. వరాలా తలావ్ చెరువు దగ్గర, తమ కులంలోని బీదవాళ్ళ పెళ్ళిళ్ళకు ఊరికే ఇవ్వడానికి హాలు కట్టించాడు. దానికీ ఆమె పేరే. మంచి పనే, ఆమెకూ సంతోషమే. కానీ ఆ సాయంత్రం చూపిస్తానని తీసుకుపోయి గేటు ముందు స్విచ్చి వేశాడు. ఫవ్వారా లేచింది. అన్ని నీళ్ళు ఎగిరెగిరి ఊరికే పడుతుంటే సులోచనకు కడుపు మండింది.

"టెంఘర్‌ల మోటరెప్పుడు పెడ్తరు?"

"మంచిదినం గా ముచ్చటెందుకే? రేపు రిబ్బన్ కట్ చెయ్యి, నవ్వు, గంతే. మాట్లాడుడు నేను మాట్లాడ్త."

తెల్లారి ఆయన ముఖ్య అతిథిని తేవడానికి కారు తీసుకుపోయాడు. "నువ్వు ఆటోల వచ్చెయ్, హారతి పళ్ళెం మర్చిపోకు," అన్నాడు. సులోచన పట్టుచీర కుచ్చిళ్ళు పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే కూర్చోబుద్ధి. అక్కడ నల్లా మాట అబద్ధమే అయ్యింది, ఇక్కడ మళ్ళీ తన పేరుకు తానే రిబ్బన్ కత్తిరించాలా? పళ్ళెం పట్టుకుని ఆటో ఎక్కి "సులోచన హాల్" అంది. ఆటో నడిపేవాడు మొదటి మాటే విన్నాడు. కొత్త హాలు అతనికేం తెలుసు, ఆటోవాళ్ళకు సులోచన అంటే ఒక్కటే. బండి టెంఘర్ వైపు తిప్పాడు. అటు కాదని, "ఉధర్ నహీ భయ్యా" అనడానికి నోరు తెరిచి, అనకుండానే మూసుకుంది. ఎందుకు మూసుకుందో తనకే అర్థమయ్యేసరికి భయమేసింది. అయినా ఆటో ఆపమనలేదు.

మెట్ల దగ్గర బిందె దించి ఆయాసపడుతున్న దుర్గవ్వ ఆ పట్టుచీరనూ పళ్ళేన్నీ చూసి తెల్లబోయింది.

"ఏందక్కా, హాలుకు పోవా?"

"పళ్ళెం నువ్వు పట్టు. బిందె ఇటియ్యి."

రెండో అంతస్తు చేరేసరికి భుజం తడిసి, చీర ఒంటికంటుకుంది. అప్పుడు మోగింది, పిలిస్తే పలకాలని ఆయన కొనిచ్చిన సెల్‌ఫోను. బిందె మెట్టు మీద దించి ఎత్తింది.

"ఏడున్నవే? అందరు నీ కోసమే చూస్తున్నరు."

"సులోచనల ఉన్న."

"ఏ సులోచన?"

"కారుతున్నది సూడు, గా సులోచన."

అవతల ఫవ్వారా చప్పుడు వినబడుతుండగా రామనాథం గొంతు తగ్గించాడు. "పరువు తియ్యకే. హాలుకు గూడ నీ పేరే పెట్టిన గదనే, ఇంకేం గావాలె నీకు?"

"నీళ్ళు," అంది సులోచన. "అవి ఈడికొచ్చినంకనే నేను ఆడికొస్త."