ఎవరినీ అడగకుండా

కానాగంత చేపల పొట్టలు చీరుతూ లక్ష్యాల గురించి ఆలోచిస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ ఏడాది డిజిటల్ అక్షరాస్యతలో ఏమేం రావాలో రాసివ్వమన్నారు మా హెడ్‌మిస్ట్రెస్ ఫ్లోరా గారు. నేను లెక్కల టీచర్ని. వేసవిలో ట్యాబుల శిక్షణకు వెళ్లొచ్చాను కాబట్టి ఆ పని నా మీద పడింది. కంప్యూటర్ భాగాలు గుర్తించుట, మౌసు వాడుట అని నిరుడు రాసినవే దించేస్తే అడిగేవాళ్లు లేరు. కానీ వాటితో ఒక్క పిల్ల బతుకైనా మారుతుందా?

"మెహబూబూ, ఇస్కూలు ఆలోచనలు ఇస్కూల్లో పెట్టుకో. చాపలు చూడు ముందు," అంది అత్తమ్మ వెనక నుంచి.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మా ఆయన సిలార్, "నీకెందుకు ఆ తలనొప్పులు? అన్నిటికీ నా నంబరియ్యి, నేను చూసుకుంటా," అన్నాడు. అప్పుడది ప్రేమలాగే వినిపించింది. బ్యాంకు, ఆధార్, స్కూలు యాప్, అన్నిటికీ ఆయన నంబరే. యాప్ ఓటీపీ అడిగినప్పుడల్లా బోగోలులో ఆయన వలల కొట్టుకు ఫోన్ చేయాలి. "గిరాకీలు ఉండారు, మళ్లీ చెయ్" అంటాడు. నేను స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తాను. నేను సెలవు పెడితే ఆ కబురు కూడా ముందు ఆయనకే పోతుంది. ఒకసారి తల పగిలిపోతుంటే అరపూట సెలవు పెట్టి, సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో ఊరికే కూర్చున్నాను. ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటికొచ్చేసరికి సిలార్ గుమ్మంలో ఉన్నాడు. "సెలవు పెట్టి యాడికి పోయినావు?" ఆ తర్వాత మళ్లీ అటు వెళ్లలేదు. తప్పు చేసినట్టు ఎందుకనిపించిందో కూడా ఆలోచించుకోలేదు.

ఆ చేపలు చీరిన రోజే మండలం నుంచి అధికారి ఒకాయన నా పాఠం చూడటానికి వచ్చాడు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని బోర్డు మీద రాసి, ట్యాబు తెరిచాను. లాగౌట్ అయిపోయి ఉంది. ఓటీపీ అడిగింది. ఒక చేతిలో ట్యాబు, ఇంకో చేతిలో సుద్దముక్క, ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కి సిలార్‌కు చేశాను.

"ఏందే నీ గోల? ఒక నంబరు కూడా నా దగ్గర అడుక్కునేదానివి, నువ్వా పిలకాయలకి కంప్యూటర్ నేర్పేది?"

వెనక బెంచీల్లో మగపిల్లలు నవ్వారు. ఆడపిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. అదే నన్ను ఎక్కువ కోసింది. వాళ్లకది కొత్త మాట కాదన్నమాట. సిలార్ అంకెలు చెప్పాడు, నేను కొట్టాను, పాఠం అయింది. అధికారి బాగుందని తలూపి వెళ్లిపోయాడు.

ఖాళీ పీరియడ్‌లో కూర్చుని నిరుటి లక్ష్యాలన్నీ పక్కన పెట్టాను. మొదటిది ఇలా రాశాను: "ఏడాది చివరికి ప్రతి విద్యార్థీ, ముఖ్యంగా ప్రతి ఆడపిల్లా, తన ఖాతాను తనే, ఎవరినీ అడగకుండా తెరవగలగాలి."

ఫ్లోరా గారు చదివి కళ్లజోడు తీశారు. "బో బాగుండాదమ్మా. మరి టీచరుకు రానిది పిలకాయలకి ఎట్ట వస్తుంది?"

ఎగతాళి లేదు ఆ గొంతులో. అందుకే నిజం చెప్పగలిగాను. "నంబరు మార్చాలంటే ఆయన ఒప్పుకోవాలి కదా మేడం."

"ఆయనెందుకు? నా లాగిన్‌లో మార్చేస్తే అయిపోతుంది. ఇన్నాళ్లూ నువ్వడగలా. మీ ఇంటి సంగతిలే అని నేనూ ఊరుకున్నా."

టీ చల్లారేలోపు స్కూలు యాప్‌లో నా నంబరు ఎక్కించేశారు. నేను ఇన్నేళ్లు గోడ అనుకున్నది ఉత్త తెర.

శనివారం సెలవు పెట్టి కావలి వెళ్లి, నంబరు మార్పించడానికి ఆధార్ సెంటర్‌లో వేలిముద్రలు వేశాను. బ్యాంకులో గుమస్తా, "మీ వారు రాలేదా?" అన్నాడు. "ఖాతా నాది," అన్నాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, చాలాకాలం తర్వాత ఊపిరి కడుపు దాకా దిగింది.

మధ్యాహ్నం అన్నం పెడుతూ సిలార్‌కు చెప్పాను.

"అంటే నన్ను నమ్మవా?"

"నమ్ముతాను. కానీ నేను సెలవు పెడితే ఆ సంగతి నువ్వు నా నోటితో వినాలి, ఫోన్లో కాదు."

"రేపేదన్నా మోసం జరిగితే నా దగ్గరికి రాబాక."

"రాను."

ఆయన కంచంలో అన్నం పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని కొట్టుకు పోయాడు. తుఫానొస్తుందని తలుపులన్నీ బిగించుకుంటే చిన్న గాలి వీచి పోయినట్టయింది. ఇంకా అత్తమ్మ మాట మిగిలి ఉంది. దానికి సిద్ధపడి నిలబడ్డాను.

ఆమె లోపలికి వెళ్లి, సిలార్ వాడి పక్కన పడేసిన పాత ఫోను, ఆయన పాత సిమ్ముతో సహా, తెచ్చి నా ముందు పెట్టింది. "మనుబోల్లో మా చెల్లితో మాట్లాడాలంటే వాణ్ణి ఫోను కలపమని అడుక్కోవాల. వాడికి తీరిక దొరికేలోపు చెప్పాలనుకున్నది మర్చిపోతా. ఎట్ట నొక్కాలో నాకూ చెప్పు."

అత్తమ్మకు చదువు రాదు. చెల్లెలి నంబరుకు ఆమె ఫోటో పెట్టి, పచ్చ గుర్తు చూపించాను. నొక్కేముందు ఆమె వేలు కొంగుకు తుడుచుకుంది. అవతల ఫోన్ ఎత్తారు.

"ఏం సిలారూ, బాగుండావా నాయనా?"

అత్తమ్మ గొంతు సవరించుకుంది.

"సిలార్ కాదే. నేనే చేసినా."